అడగలేని వాళ్ళ అలవెన్సు
(నందిగామ, జగ్గయ్యపేట పోలీసుల అద్దె భత్యం కథ)



ఈ ప్రత్యేక సంచికకు మన మెట్ట ప్రాంత ఉద్యోగుల చరిత్ర నుంచి ఏదైనా ఒక అంశం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. ఎన్.జి.ఓ.ల సమ్మెల గురించి, ఉపాధ్యాయుల పోరాటాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. పోలీసుల జీతభత్యాల గురించి రాసినవారు తక్కువ. నా సర్వీసులో ఎక్కువ భాగం జీతాల బిల్లులు, టి.ఎ. బిల్లులు చూడటంతోనే గడిచింది కనుక, ఈ విషయం మీద నాలుగు మాటలు రాయడానికి పూనుకున్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు మన పెద్దలు. మరి అడిగేందుకు గుంపుగా నిలబడే హక్కు చట్టప్రకారం లేనివాడి సంగతేమిటి? మన రాష్ట్రంలో పోలీసులకు ఇంటి అద్దె అలవెన్సు పెరిగిన ప్రతిసారీ, తగ్గిన ప్రతిసారీ, వారికోసం బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినవారు ఎక్కువగా గుమాస్తాలు, పంతుళ్ళు, సచివాలయ ఉద్యోగులు. ఈ సంగతి పెన్షనర్లమైన మనకు ఎందుకు ముఖ్యమో చివర చెబుతాను.

1. భత్యం అంటే ఏమిటి?

మన తరం వారికి ఫండమెంటల్ రూల్సు గురించి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. 1922 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ రూల్సు జీతాన్ని, భత్యాన్ని వేరు చేశాయి. జీతం ఉద్యోగానికి ఇచ్చేది. భత్యం, అంటే కాంపెన్సేటరీ అలవెన్సు, ఆ ఉద్యోగం చేసే ప్రత్యేక పరిస్థితుల వల్ల మనిషికి అదనంగా అయ్యే సొంత ఖర్చును పూడ్చడానికి ఇచ్చేది. 44వ రూలు ఇంకో మాట కూడా చెబుతుంది. భత్యం మొత్తం మీద ఉద్యోగికి లాభం తెచ్చిపెట్టే విధంగా ఉండకూడదు. ఖర్చుకు ఖర్చు సరిపోవాలి, అంతే.

ఈ సూత్రంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పట్నంలో అద్దె ఎక్కువ గనుక పట్నంలో పనిచేసేవాడికి అద్దె అలవెన్సు ఎక్కువ, నగర భత్యం అదనం. మన్యంలో జ్వరాలు, దారి లేకపోవడం, పిల్లల చదువు కష్టం గనుక ఏజెన్సీ వారికి వేరే అలవెన్సు. అయితే మన మెట్ట తాలూకాలు అటు పట్నమూ కావు, ఇటు మన్యమూ కావు. ఈ రెంటికీ మధ్య ఉన్నవాడి కష్టానికి ఏ పేరు పెట్టాలో ఏ కమిషనుకూ తోచలేదు. నందిగామ, జగ్గయ్యపేటల కథ అక్కడే మొదలవుతుంది.

2. సరిహద్దు మీద ఉద్యోగం

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తమ తండ్రి పేర వెలయించిన జగ్గయ్యపేట, మద్రాసు రాష్ట్రానికి నైజాం సరిహద్దులో ఉండేది. నందిగామ తాలూకాలో భాగమైన మునగాల పరగణా అయితే చుట్టూ నైజాం భూమి ఉండగా మధ్యలో బ్రిటిషు వారి పాలనలో ఉన్న ముక్క. గట్టు దాటితే నాణెం కూడా మారేది. ఇటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. సుమారు ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకం. అటు జవానుకూ ఇటు కానిస్టేబులుకూ జీతం ఇచ్చే సర్కారు వేరు, రూపాయి వేరు, రూలు వేరు. చేసే పని మాత్రం ఒకటే: ఎండలో, వానలో దారి కాయడం.

1947-48లో రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక నైజాం పల్లెల నుంచి జనం సరిహద్దు దాటి మన వైపుకు వచ్చి తలదాచుకున్నారు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యలో బెజవాడ వైపు నుంచి కదిలిన సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా సాగింది. ఆ తరువాత సాయుధ పోరాటం అణచడానికి కృష్ణా జిల్లాలోకి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు. వారి పేరు చెబితే పెద్దవాళ్ళు ఉలిక్కిపడటం మా చిన్నతనంలో మేమూ చూశాము. ఆ దౌర్జన్యాలను ఎవరూ సమర్థించలేరు. ఉద్యోగి వైపు నుంచి చూస్తే మాత్రం ఒక విషయం గుర్తించాలి. సరిహద్దు స్టేషనులో డ్యూటీ మామూలు స్టేషను డ్యూటీ వంటిది ఎన్నడూ కాదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సరిహద్దు పోయింది. రెండు వైపుల ఉద్యోగుల రూల్సును, స్కేళ్ళను ఒక దారికి తేవడానికి ఏళ్ళు పట్టింది. ఆ తరువాత జగ్గయ్యపేట కానిస్టేబులుకూ కోదాడ కానిస్టేబులుకూ ఒకే పే కమిషను, ఒకే స్కేలు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. పాత గట్టు మళ్ళీ లేచింది. తెలంగాణ ప్రభుత్వం 2021లో 30 శాతం ఫిట్‌మెంటు ఇచ్చింది, ఉద్యోగ విరమణ వయస్సు 61 చేసింది. మన ప్రభుత్వం 2022లో 23 శాతం ఫిట్‌మెంటు ఇచ్చింది, విరమణ వయస్సు 62 చేసింది. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న లెక్క సరిహద్దు ఊళ్ళలో టీ కొట్టు దగ్గర ఇప్పటికీ తెగదు.

సరిహద్దుతోపాటు దాని డ్యూటీలూ తిరిగి వచ్చాయి. జాతీయ రహదారి మీద గరికపాడు చెక్‌పోస్టు ఉంది. 2019 తరువాత మన వైపు మద్యం ధరలు బాగా పెరగడంతో తెలంగాణ సీసాలు దొంగతనంగా రావడం, వాటిని పట్టుకోవడం పోలీసులకు రోజువారీ పని అయింది. 2020 మార్చిలో లాక్‌డౌను పెట్టినప్పుడు హైదరాబాదు నుంచి సొంత ఊళ్ళకు బయలుదేరిన వేలాది మంది గరికపాడు దగ్గర ఆగిపోయారు. పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఒకవైపు, చంటిపిల్లలతో నిలబడ్డ తల్లులు మరొకవైపు. మధ్యన నిలబడింది పోలీసులే. ఇవి కాక పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళ బందోబస్తు ఏటా ఉండనే ఉంది.

ఫండమెంటల్ రూల్సు చెప్పిన "ప్రత్యేక పరిస్థితులు" ఇవి కాకపోతే మరేవి? అయినా ఇంటి అద్దె అలవెన్సుకు వీటితో నిమిత్తం లేదు. దానికి కొలబద్ద ఒకటే. ఊరి జనాభా.

3. చట్టం కట్టిన చేతులు

మనకు కష్టం వస్తే సంఘం ఉంది. నోటీసు ఇస్తాము, నల్లబ్యాడ్జీ పెట్టుకుంటాము, కలెక్టరాఫీసు ముందు ధర్నా చేస్తాము. 1971లో, 1986లో మన ఉద్యోగులు చేసిన సుదీర్ఘ సమ్మెలు మీలో చాలామందికి జ్ఞాపకమే. అప్పుడు జీతం రాక ఇంట్లో నగలు తాకట్టు పెట్టినవారు మన సభ్యులలోనే ఉన్నారు.

పోలీసుకు ఈ దారి లేదు. శాంతిభద్రతలు కాపాడే బలగాల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దాని ఆధారంగా 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం వచ్చింది. అనుమతి లేకుండా పోలీసు ఉద్యోగి ఏ కార్మిక సంఘంలోనూ చేరరాదు, పత్రికలకు ఎక్కరాదు. మన రాష్ట్రంలో పోలీసు అధికారుల సంఘం ఉన్నది, అది పే కమిషనుకు వినతిపత్రం ఇస్తుంది. ఆ వినతిపత్రం వెనుక సమ్మె నోటీసు మాత్రం ఎన్నడూ ఉండదు.

ఇంగ్లండులో ఈ చిక్కు మనకన్నా ముందే వచ్చింది. 1918 ఆగస్టులో లండను పోలీసులు జీతాల కోసం సమ్మె కట్టారు, మరుసటి ఏడు లివర్‌పూలులో మళ్ళీ కట్టారు. 1919లో అక్కడి ప్రభుత్వం పోలీసులకు యూనియనును, సమ్మెను చట్టంతో నిషేధించింది. అయితే అదే చట్టంలో వారికోసం పోలీసు ఫెడరేషను ఏర్పాటు చేసింది. డెస్‌బరో కమిటీ సిఫార్సులతో దేశమంతటికీ ఒక జీతాల ప్రమాణం తెచ్చింది. కాలక్రమాన లండనులో పనిచేసేవారికి వేరే అలవెన్సూ వచ్చింది. ఒక చేత్తో తీసుకున్నారు, రెండో చేత్తో కొంత ఇచ్చారు.

మన దేశంలో తీసుకోవడం పూర్తిగా జరిగింది, ఇవ్వడం సగమే జరిగింది. 1977లో ధర్మవీర గారి అధ్యక్షతన వేసిన జాతీయ పోలీసు కమిషను 1979 ఫిబ్రవరిలో ఇచ్చిన తన మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ళ జీతం, ఇల్లు, పనిగంటలు, కష్టాలు చెప్పుకునే ఏర్పాటు గురించి రాసింది. ఆ కొద్ది నెలలకే పంజాబులో, మరికొన్ని రాష్ట్రాలలో పోలీసులు రోడ్డెక్కారు. చెప్పుకునే చోటు లేని బాధ ఎటు దారి తీస్తుందో దేశం అప్పుడు చూసింది.

ఇక ఇళ్ళ సంగతి. పోలీసు క్వార్టర్లు కట్టడానికి మన రాష్ట్రంలో 1971లో పోలీసు గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. అయినా బలగానికి సరిపడా క్వార్టర్లు ఎన్నడూ లేవు. క్వార్టరు దొరికినవాడికి అద్దె అలవెన్సు రాదు, దొరకనివాడికి ఆ అలవెన్సే గతి. పోలీసు అంటే అద్దెకు ఇవ్వడానికి సందేహించే ఇంటివారు ఉన్నారు. అర్ధరాత్రి వస్తాడు, తెల్లవారుజామున పోతాడు, బదిలీ అయితే చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తాడు. ఇచ్చేవారేమో ఒక వంద ఎక్కువ అడిగేవారు.

4. 2022 జనవరి, ఫిబ్రవరి నెలలు

ఇంత చరిత్రా ఒక్క ముడిగా బిగుసుకున్నది 2022 ప్రారంభంలో. అశుతోష్ మిశ్రా గారి పే రివిజన్ కమిషను నివేదిక తరువాత, జనవరి 17న ప్రభుత్వం జి.ఓ.లు ఇచ్చింది. అప్పటికి ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు. ఫిట్‌మెంటు 23 శాతమే అన్నారు. అంతకన్నా బాధ పెట్టింది అద్దె అలవెన్సు. 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళన్నిటికీ 8 శాతం, 5 నుంచి 50 లక్షల వరకు 16 శాతం, ఆ పైన 24 శాతం. నగర భత్యం రద్దు. పెన్షనర్లకు 70 ఏళ్ళు దాటితే ఇస్తూ వచ్చిన 10 శాతం, 75 దాటితే ఇస్తూ వచ్చిన 15 శాతం అదనపు పెన్షను కూడా తీసివేశారు.

ఎన్నడూ ఒక తాటిమీదకు రాని సంఘాలు పి.ఆర్.సి. సాధన సమితిగా ఏకమయ్యాయి. బండి శ్రీనివాసరావు, బొప్పరాజు వెంకటేశ్వర్లు, కె.ఆర్. సూర్యనారాయణ, కె. వెంకట్రామిరెడ్డి గార్లు ముందు నిలిచారు. ఫిబ్రవరి 3న "చలో విజయవాడ" పిలుపు ఇచ్చారు. రాష్ట్రమంతటా బస్సులు ఆపారు, నాయకులను ఇళ్ళలో నిర్బంధించారు, దారుల్లో తనిఖీలు పెట్టారు. అయినా ఉద్యోగులు వేషాలు మార్చుకుని, చిన్న చిన్న జట్లుగా విజయవాడ చేరారు. బి.ఆర్.టి.ఎస్. రోడ్డు నిండిపోయింది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ ఉద్యోగులను ఆపవలసిన డ్యూటీ పోలీసులది. ఆగినవారు అడుగుతున్నదాంట్లో ఆపినవారి అద్దె అలవెన్సు కూడా ఉంది. లాఠీ పట్టుకున్నవాడికీ, ప్లకార్డు పట్టుకున్నవాడికీ ఒకే జి.ఓ. కోత పెట్టింది. ప్లకార్డు పట్టుకునే వీలు ఒకరికే ఉంది.

మంత్రుల కమిటీతో రెండు రోజులు చర్చలు జరిగాయి. ఫిబ్రవరి 5 రాత్రి ఒప్పందం కుదిరింది, 7 నుంచి తలపెట్టిన సమ్మె విరమించారు. ఫిట్‌మెంటు 23 దగ్గరే ఆగింది. ఉపాధ్యాయ సంఘాలు దానికి తృప్తి చెందక తమ అసమ్మతి తెలిపాయి. అద్దె అలవెన్సు మాత్రం మెరుగుపడింది. 50 వేల లోపు ఊళ్ళకు 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల వరకు 12 శాతం, ఆ పైన ఊళ్ళకూ జిల్లా కేంద్రాలకూ 16 శాతం, సచివాలయ, శాఖాధిపతుల కార్యాలయాల వారికి 24 శాతం. నగర భత్యం నిలిచింది. అదనపు పెన్షను 70 దాటినవారికి 7 శాతం, 75 దాటినవారికి 12 శాతం చొప్పున తిరిగి వచ్చింది.

5. గీతకు అటు ఇటు

ఇప్పుడు మన ఊళ్ళ లెక్క చూద్దాము. 2011 జనాభా లెక్కల్లో జగ్గయ్యపేట పట్టణం 53 వేల పైచిలుకు, నందిగామ 44 వేల పైచిలుకు. రెంటి మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. 50 వేల గీత సరిగ్గా ఈ రెండు ఊళ్ళ నడుమ పడింది.

బేసిక్ 40,000 రూపాయలు అనుకోండి. 2015 స్కేళ్ళలో 50 వేలు దాటిన ఊరికి 14.5 శాతం, అంటే 5,800 రూపాయలు. దాటని ఊరికి 12 శాతం, అంటే 4,800. 2022 జనవరి జి.ఓ. ప్రకారం రెండు చోట్లా 8 శాతం, 3,200. ఫిబ్రవరి ఒప్పందం తరువాత 50 వేలు దాటిన ఊళ్ళో 4,800, దాటని ఊళ్ళో 4,000. కనుక సమితివారు తెచ్చినది ఆ కానిస్టేబులుకు నెలకు ఒకచోట 1,600, మరొకచోట 800. పోగొట్టుకున్నదంతా రాలేదు. వచ్చినదీ అతను అడిగి తెచ్చుకున్నది కాదు.

జగ్గయ్యపేట నుంచి నందిగామకు బదిలీ అయితే, ఈ రూలు ప్రకారం, నెలకు 800 రూపాయలు పోతాయి. అద్దె మాత్రం జనాభా లెక్క చూసి తగ్గదు. పైగా ఆ జనాభా ఎప్పటిది? 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. తరువాత ప్రభుత్వం 2027 అని ప్రకటించింది. పదేళ్ళకొకసారి పెరగవలసిన ఊరు పదహారేళ్ళపాటు కాగితం మీద పెరగలేదన్నమాట.

మరో విచిత్రం వినండి. విజయవాడలో పోలీసు కమిషనరేటు 1983లో ఏర్పడింది. అప్పటినుంచి నగర పోలీసు కమిషనరు కింద, మన మెట్ట పోలీసులు మచిలీపట్నంలోని ఎస్.పి. కింద ఉండేవారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో మనం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాము, నందిగామ రెవెన్యూ డివిజను కేంద్రమైంది, కమిషనరేటు జిల్లా అంతటికీ విస్తరించింది. జగ్గయ్యపేట కానిస్టేబులు కూడా కమిషనరు గారి బలగమే అయ్యాడు. విజయవాడ సభలకు, ఊరేగింపులకు బందోబస్తుకు పిలుపు వస్తే వెళ్ళవలసిందే. డ్యూటీకి నగరమూ మెట్టా ఒకటే. అద్దెకు మాత్రం నగరం 16, మెట్ట 12 లేదా 10.

6. పెన్షనరుకు ఇందులో ఏమున్నది?

ఇంతదూరం చదివినవారు, మనకు అద్దె అలవెన్సే లేదు కదా, ఈ లెక్కలెందుకు అనవచ్చు. కారణం చెబుతాను.

పెన్షను ఆఖరి బేసిక్ మీద కడతారు. అద్దె అలవెన్సు, నగర భత్యం, మరే ప్రత్యేక అలవెన్సు కూడా అందులోకి రావు. బేసిక్‌లో 800 పెరిగితే, పూర్తి సర్వీసు ఉన్నవాడికి పెన్షనులో 400 పెరుగుతుంది, దానిమీద కరువు భృతి పెరుగుతుంది, ఆ తరువాత భార్యకు వచ్చే కుటుంబ పెన్షనూ పెరుగుతుంది. అదే 800 అలవెన్సు రూపంలో వస్తే రిటైరైన మరుసటి నెలే మాయం. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన మన పిల్లల సి.పి.ఎస్.కు కూడా చందా బేసిక్, డి.ఎ.ల మీదనే. అక్కడా అలవెన్సుకు చోటు లేదు. ప్రభుత్వాలు బేసిక్ బదులు అలవెన్సు చూపించినప్పుడల్లా పోలీసు ఉద్యోగి వృద్ధాప్యం కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. సంఘాలు బేరం ఆడేటప్పుడు ఈ తేడా గట్టిగా పట్టుకోవాలి.

రెండో కారణం మరీ ముఖ్యమైనది. సమ్మె చేయలేని పోలీసుకూ మనకూ తేడా లేదు. మనం పని మానేస్తే ఎవరికీ నష్టం లేదు, మనకు పనే లేదు. 2022లో మన 7 శాతం, 12 శాతం కూడా సర్వీసులో ఉన్నవారు సమ్మె నోటీసు ఇచ్చి తెచ్చిపెట్టినవే.

అయితే మనకు న్యాయస్థానం ఉంది. 2020 మార్చి నెల జీతాల్లో, పెన్షన్లలో సగం వాయిదా వేసినప్పుడు, తరువాత పోలీసు, వైద్య, పారిశుద్ధ్య సిబ్బందికి మినహాయింపు ఇచ్చారు, అది సబబే. మిగిలినవారి కోసం ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళ్ళారు. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో ఇవ్వమని హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించినా, జీతం, పెన్షను ఉద్యోగి హక్కు అన్న మాటను నిలబెట్టింది. 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు చెప్పినదీ అదే. పెన్షను ఎవరి దయాదానమూ కాదని చెప్పిన ఆ రోజునే ఏటా మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము.

కనుక నా మనవి మూడు మాటల్లో చెప్పి ముగిస్తాను. 2023 జూలై 1 నుంచి అమలు కావలసిన 12వ పి.ఆర్.సి. విషయంలో మన సంఘం ఇచ్చే వినతిపత్రాల్లో మన కోర్కెలతో పాటు రెండు వాక్యాలు పోలీసు సోదరుల తరఫున చేర్చాలి. ఒకటి, జనాభాతో పాటు సరిహద్దు డ్యూటీని కూడా భత్యానికి ఆధారంగా తీసుకోవాలని. రెండు, కమిషనరేటు మొత్తానికి ఒకే అద్దె శాతం ఉండాలని. ఇక మూడో మనవి సభ్యులకు. రిటైరైన కానిస్టేబుళ్ళు, హెడ్డు కానిస్టేబుళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. సర్వీసంతా సంఘం గడప తొక్కని అలవాటు వల్ల ఇప్పటికీ మన సమావేశాలకు రావడానికి సంకోచిస్తారు. రిటైరైనవారికి ఆ పాత నిషేధం లేదు. మీ వీధిలో ఉన్నవారిని వచ్చే నెల సమావేశానికి వెంటబెట్టుకు రండి. ముప్పై ఏళ్ళు నోరు విప్పకుండా డ్యూటీ చేసినవారు చెప్పవలసినది చాలా ఉంటుంది.